బాలమణి నిలబడనన్న రోజులు

ఆపరేషన్ అయిన నాలుగో రోజు పొద్దున, రౌండ్లకు వచ్చిన డాక్టరు బాలమణి కేస్ షీట్‌లో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి పోయాడు. పేషెంటు సహకరించడం లేదని దాని అర్థం. మంచం పక్కన నిలబడ్డ కూతురు మంజులత అది చదివి, తల్లి మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"ఏం రాసిండు?" బాలమణి అడిగింది.

"నిలబడమంటే నిలబడతలేవని రాసిండు. తుంటిల రాడ్డేసి నాలుగు దినాలాయె అమ్మా. ఇంకో మూడు దినాలు గిట్లనే పంటే కాళ్లు పట్టుకపోతయంట. మళ్ల నడుసుడు కష్టమంట. నొప్పైతే నొప్పని చెప్పు, గోలీ ఇస్తరు."

"నొప్పి లేదు."

"మరేంది?"

బాలమణి దుప్పటి నడుము దాకా లాక్కుని గోడ వైపు మొహం తిప్పుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది. చెప్పడానికే నోరు రావడం లేదు.

ఆమెకు యాభై ఆరేళ్లు. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో కాస్ట్యూమ్స్ డిపార్టుమెంటులో అసిస్టెంటు. అంటే తెర మీద పేరు పడని మనిషి. పాటలో నలభై మంది అమ్మాయిలు ఒకేలాంటి లంగాలు తిప్పుతూ కనిపిస్తే, ఆ నలభై లంగాల నాడాలు బిగించింది, హుక్కులు పెట్టింది, చిరిగితే అక్కడే నిలబెట్టి కుట్టింది బాలమణి. భర్త భిక్షం లైట్‌మన్‌గా చేసి చేసి ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఆయన పోయాక కూడా ఆమె సూది ఆగలేదు. ఆ సూది మీదే మంజులత డిగ్రీ అయింది, కంప్యూటర్ కోర్సు అయింది, రెండు వేల మూడులో మాదాపూర్‌లో అద్దాల మేడలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది.

ఆ కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డులో తల్లి పేరు కూడా ఉండబట్టే, ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో మెట్ల మీద ఇస్త్రీ లంగాల మోపుతో జారిపడిన బాలమణి, పెద్దాసుపత్రికి పోకుండా జూబ్లీహిల్స్‌లో ఈ మెరిసే ఆసుపత్రికి వచ్చింది. నాలుగు మంచాల గది. ఏసీ. గోడకు టీవీ. అందరూ "నీ అదృష్టం" అన్నారు.

అదృష్టం రెండు రోజులు బాగానే ఉంది. మూత్రానికి గొట్టం పెట్టారు కాబట్టి ఆ బాధ తెలియలేదు. రెండో రోజు సాయంత్రం గొట్టం తీసేశారు. అక్కడ మొదలైంది.

బాలమణికి ఐదారేళ్లుగా ఒంటికి వచ్చిందంటే ఆగదు. వచ్చినట్టు తెలిసిన తర్వాత గట్టిగా మూడు నిమిషాలు. ఇంట్లో ఆ మూడు నిమిషాలు సరిపోయేవి. దగ్గినా, బరువెత్తినా నాలుగు చుక్కలు పడేవి. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు. మన దేశంలో ఆడవాళ్లు గుండెనొప్పి అయినా చెబుతారు గానీ ఈ ముక్క చెప్పరు. చెబితే నవ్వుతారనో, అసహ్యించుకుంటారనో, వయసైపోయిందంటారనో. నలుగురు కూర్చున్న చోట ఇద్దరికి ఉండే బాధ ఇది. అయినా ఎవరికి వారు తనకొక్కదానికే అనుకుని చస్తూ బతుకుతారు.

గొట్టం తీసిన గంటకు బాలమణి మంచం పక్కన బెల్లు నొక్కింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడు. ఆయా రాజమ్మ పరుగున వచ్చేసరికి అయిపోయింది.

రాజమ్మ చెడ్డ మనిషేం కాదు. ఆ అంతస్తులో పద్దెనిమిది మంచాలకు ఒక్కతే ఆయా. బోరబండ నుంచి పొద్దున ఆరింటికి వస్తే రాత్రి ఎనిమిదింటికి పోతుంది. అలిసిపోయిన మనిషి నోరు అలిసిపోయినట్టే ఉంటుంది.

"అయ్యో, మొత్తం పోసేసింది చూడుండ్రి! అక్కా, జర ఆపుకోవద్దా? నువ్వు బెల్లు కొట్టంగనే ఎగిరొచ్చేదానికి నాకేమన్న రెక్కలున్నయా?"

అప్పుడు పక్క మంచం భూలక్ష్మిని చూడడానికి మోతీనగర్ నుంచి ఆమె భర్తా, ఆయన తమ్ముడూ వచ్చి కూర్చున్నారు. ఇద్దరు మగవాళ్లూ ఒక్కసారిగా టీవీ వైపు తిరిగిపోయారు. వాళ్లు మర్యాదగానే తిరిగారు. ఆ మర్యాదే బాలమణికి చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు ఇన్‌చార్జి సిస్టరు వచ్చి డైపర్ కట్టమంది. "మీకే సుఖం అమ్మా" అంది. బాలమణి వద్దంది. "నాకు తెలుస్తది సిస్టరమ్మా, చెప్తను గద. జల్ది వచ్చి ఆ బెడ్‌పాన్ పెడితే చాలు" అంది. సిస్టరు ఆ మాట వినలేదు, మంజులతతో ఇంగ్లీషులో మాట్లాడింది. మంజులత ఇంగ్లీషులోనే జవాబు చెప్పి, తల్లి వైపు తిరిగి, "వేస్కో అమ్మా. ఏమైతది? అందరు వేస్కుంటరు" అంది.

డైపర్ కట్టారు. ఆ తర్వాత బెల్లు కొడితే రాజమ్మ గుమ్మంలోంచే, "అండ్లనే పొయ్యక్కా, గందుకే కట్టింది!" అని కేకేసి పోయేది. డైపరు పెట్టుకోవడంలో తప్పు లేదు. అవసరమైన వాళ్లకు అది అన్నం లాంటిది, కళ్లజోడు లాంటిది. కానీ ఒంటికి వస్తోందని చెప్పగలిగిన మనిషికి, వద్దంటున్న మనిషికి కట్టింది ఎవరి కోసం? పద్దెనిమిది మంచాలకు ఇద్దరు ఆయాలను పెట్టని ఆసుపత్రి కోసం కట్టారు. ఆ లోటు యజమానిది. దాన్ని బాలమణి నడుముకు చుట్టారు.

ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి చరణ్ తేజ పాతికేళ్ల వాడు. వాకర్ తెచ్చి, "లేద్దామా అమ్మా?" అన్నాడు. ఒంటి మీద ఆసుపత్రి గౌను, వెనకాల కింది దాకా తెరుచుకుని, మెడ దగ్గర ఒక్క ముడి. దాని కింద ఆ డైపరు. మంచం అంచున కూర్చోబెట్టి లేవదీయబోతే వేడిగా కారింది. డైపరు పక్కనుంచి తొడ మీదికి జారింది. బాలమణి వెంటనే కూర్చుండిపోయింది. "నా తోని కాదు" అంది. ఆ పూటా అదే మాట, మర్నాడూ అదే. కుర్రాడు నొప్పికి భయపడుతోందని రాసుకున్నాడు. డాక్టరు సహకరించడం లేదని రాశాడు. తడుస్తోంది కాబట్టి నిలబడటం లేదని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

బాలమణి మాత్రం తనకు తెలిసిన వైద్యం తను మొదలుపెట్టింది. నీళ్లు తాగడం మానేసింది.

ఈ వైద్యం ఆమె ఎక్కడ నేర్చుకుందో చెప్పాలి. అవుట్‌డోర్ షూటింగ్ ఉన్న రోజు జూనియర్ ఆర్టిస్టు అమ్మాయిలు తెల్లవారకముందే కృష్ణానగర్‌లో వ్యాన్ ఎక్కుతారు. మళ్లీ దిగేది చీకటి పడ్డాకే. హీరోకు కారవాన్, హీరోయిన్‌కు కారవాన్. మిగిలిన ఆడవాళ్లకు ఒక బండరాయి చాటు, చుట్టూ ఇద్దరు పట్టుకున్న ఒక చీర. అందుకని వాళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు మొట్టమొదట చెప్పే మాట నటన గురించి కాదు. షూటింగున్న దినం నీళ్లు ముట్టకు. గొంతెండితే ఒక్క బుక్క పుక్కిలించి ఉమ్మెయ్. ఇరవై ఏళ్లు బాలమణి ఆ నియమం పాటించింది, వందల మందికి చెప్పింది. మొన్నీమధ్యే మాదాపూర్‌లో ఒక కంపెనీ మెట్ల మీద పాట తీశారు. నలభై మంది అమ్మాయిలకు బాలమణే ప్యాంట్లు, షర్టులు వేసి, మెడలో ఐడీ కార్డులు తగిలించి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లా తయారు చేసింది. లోపల అంతస్తుకు రెండేసి పాలరాతి బాత్రూములు. సెక్యూరిటీ వాడు ఒక్కదాన్ని కూడా లోపలికి పోనివ్వలేదు. "కార్డులు అసలువి కావు గద!" అన్నాడు.

కాబట్టి ఆసుపత్రిలో సిస్టరు "నీళ్లు బాగా తాగుతున్నారా?" అని అడిగినప్పుడల్లా బాలమణి, "రెండు సీసాలు తాగిన" అని చెప్పింది. సిస్టరు కాగితంలో రెండు లీటర్లు అని రాసుకుంది. మందు బిళ్లలు కూడా ఒట్టి ఉమ్మితో మింగింది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. మంజులత మూసంబి రసం పట్టబోతే చెయ్యి తోసేసి, "పెట్టె ఏది? ఎర్ర లంగాల పెట్టె ఏది? ఎండ పోతంది, పోరిలు ఇంక తయారు కాలే!" అని అరిచింది. కూతుర్ని పేరు పెట్టి పిలవమంటే పిలవలేకపోయింది. మంజులత కారిడార్‌లోకి పరిగెత్తింది.

అప్పుడు డ్యూటీ ఎక్కిన నర్సు జెరూష. రెండు రోజుల సెలవు నుంచి అప్పుడే వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, పాలకొల్లు దగ్గర అమ్మాయి. బాలమణి నాలుక చూసింది, చర్మం గిల్లి చూసింది, డైపరులో రంగు చూసింది. కాగితం తీసి చదివింది.

"రెండు లీటర్లు తాగిన మనిషికి ఇంత చిక్కటి మూత్రమా? ఇది ఎవరు రాశారండీ?"

పక్క మంచం నుంచి భూలక్ష్మి గొంతు సవరించుకుంది. పిత్తాశయం రాళ్ల ఆపరేషన్ అయి పడుకున్న మనిషి. "చెప్పాలో వద్దో అని చూస్తున్నానమ్మాయ్. నా నీళ్ల సీసా రెండ్రోజులుగా అక్షయపాత్రలాగా ఉంది. ఎంత తాగినా నిండుగానే ఉంటోంది. నేను కళ్లు మూసుకోగానే ఈవిడ చెయ్యి చాపి తన సీసా నా దాంట్లో ఒంపేస్తోంది!"

జెరూష నవ్వలేదు. డాక్టరుకు ఫోన్ చేసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. సెలైన్ పెట్టారు, మందు మార్చారు. మర్నాటి పొద్దుటికి బాలమణికి మతి కుదురుకుంది. కూతుర్ని పోల్చుకుని, "నిన్న ఏమన్న లొల్లి చేసిన్నా?" అని అడిగింది.

ఆ రోజు పదకొండు గంటలకు జెరూష వచ్చి, మంచం చుట్టూ తెర లాగి, స్టూలు మీద కూర్చుంది. ఆ ఆసుపత్రిలో చేరాక తెల్ల బట్టల మనిషి ఒకరు బాలమణి దగ్గర కూర్చోవడం అదే మొదలు.

"నీళ్లు మానేస్తే ఆగిపోతుందని మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవలు చెప్పాలె? ఇరవై ఏండ్ల సర్వీసు."

"మానేస్తే ఇంకా మండుతుంది. మండితే మూత్రం సంచి ఇంకా ఆగదు. మీరు ఆపుకోడానికని చేసిందే మీకు ఎక్కువ చేసింది. అర్థమైందా అండీ?"

బాలమణి గోడకేసి చూస్తూనే అంతా చెప్పింది. వ్యాన్లు, బండరాయి చాటు, మూడు నిమిషాలు. నిలబడగానే కారడం. "ఆ పోరడు నా కొడుకసోంటోడు. వాని ముంగట, వెనక మొత్తం కనవడే ఈ గౌనుతోని... కాళ్లెంబడి కారుకుంట నిలబడాల్నా? పంటనే నయం సిస్టరమ్మా. నడవకున్న మంచిదే."

తెర అవతల కుర్చీలో మంజులత ఉంది. ప్రతి మాటా విన్నది. "అందరు వేస్కుంటరు" అన్నప్పుడు తల్లిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదని ఆమెకు అప్పుడు తోచింది.

జెరూష తన చేతులు చూసుకుంటూ అంది: "మాక్కూడా ఇదేనమ్మా. పన్నెండు గంటల డ్యూటీ. సిస్టర్ల బాత్రూమ్ కింద సెల్లారులో. వెళ్లొస్తే, ఎక్కడికి పోయావని అడుగుతారు. నేనూ తాగను నీళ్లు. పోయిన నెల నాకూ ఇదే జ్వరం."

"మరి నాకేంది బోధిస్తున్నవ్?" బాలమణి మొదటిసారి ఆమె వైపు తిరిగింది.

"బోధించడానికేగా జీతమిస్తున్నారు!" అని జెరూష నవ్వేసింది. బాలమణి కూడా నవ్వింది. నవ్వితే నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ సంగతి కూడా చెప్పేసింది. ఇద్దరూ ఇంకాస్త నవ్వారు.

తర్వాత పని మాటలు మాట్లాడుకున్నారు. ఒంటికి వచ్చేదాకా ఆగి బెల్లు కొడితే మూడు నిమిషాల్లో ఎవరూ రాలేరు. కాబట్టి రాకముందే వెళ్లాలి. రెండు గంటలకొకసారి, వచ్చినా రాకపోయినా. డైపరు ఇక వద్దు. కింద స్టోర్‌లో ఎవరూ వాడని కమోడ్ కుర్చీ ఒకటి పడి ఉంది. దాన్ని కడిగించి మంచానికి ఆనించి వేసి తెర లాగేస్తే, నిలబడకుండానే పక్కకు జరిగి కూర్చోవచ్చు. ఎనిమిది, పది, పన్నెండు, రెండు అని జెరూష కాగితం మీద రాసి మంచానికి అంటించింది. బాలమణి ఆ కాగితం వంక చూసి, "షూటింగు కాల్ షీట్ లెక్కనే ఉన్నది" అంది. రాజమ్మకు చూపిస్తే ముందు మూతి ముడిచింది.

"నాకు పని పెంచుతున్నరు గదా సిస్టర్!"

"తడిసిన పక్క రోజుకు ఎన్నిసార్లు మారుస్తున్నావు రాజమ్మా?"

"అయిదుసార్లు. ఆరు."

"ఇదీ ఆరేడు సార్లే. పక్క మార్చక్కర్లేదు, నువ్వు ఒంగి ఎత్తక్కర్లేదు."

రాజమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుని, "గట్లయితే మంచిదే" అని కుర్చీ కడగడానికి పోయింది.

గౌను సంగతి బాలమణి తేల్చుకుంది. కూతుర్ని పిలిచి, "ఇంటికాడ నా కుట్టు సంచి, రెండు నూలు లంగాలు పట్టుకరా. కత్తెర మర్వకు" అంది. పాటలో అమ్మాయిలు మూడు నిమిషాల్లో డ్రెస్సు మార్చాలంటే కాస్ట్యూమ్స్ వాళ్లు లంగాను నిలువునా కోసి, నాడా తీసేసి, నడుము దగ్గర వెల్క్రో కుడతారు. చుట్టి నొక్కితే నిలుస్తుంది, లాగితే ఊడుతుంది. బాలమణి దిండ్లకు ఆనుకుని, ఒళ్లో లంగా పెట్టుకుని, సగం రోజు కూర్చుని ఆ పనే చేసింది. ఇన్‌చార్జి సిస్టరు వచ్చి ఆసుపత్రి గౌను తప్ప వేరే బట్ట పనికిరాదంది.

"గౌను తీస్తలేను గద. మీద చుట్టుకుంట" అంది బాలమణి, దారం పళ్లతో కొరుకుతూ. "నీ రూలు నీకుంటది, నా ఎనక నాకుంటది."

భూలక్ష్మి కుట్లు పట్టుకుని నవ్వింది. "నాక్కూడా ఒకటి కుట్టిపెట్టు వదినా, నీకు పుణ్యముంటుంది!" ఇన్‌చార్జి సిస్టరు వెళ్లిపోయింది.

ఒక్క విషయం మిగిలింది. నిలబడినప్పుడు పడే చుక్కలు. జెరూష చిన్న ప్యాడ్ ఒకటి తెచ్చి చేతికిచ్చింది. ఆమె ఒంటికి తను కట్టడానికి వంగలేదు. "ఇష్టమైతేనే అండీ. నడిచేటప్పుడు మాత్రం."

బాలమణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మందం చూసింది, అంచు చూసింది. "మీరు కట్టుడు వేరు, నేను పెట్టుకునుడు వేరు" అంది. "నా కాడ ఉండనియ్యి."

రెండు రోజులు అలాగే గడిచాయి. కాల్ షీటు ప్రకారం కుర్చీ. అన్నిసార్లూ అందలేదు. ఒకసారి రాజమ్మ వేరే మంచం దగ్గర ఇరుక్కుపోయి పక్క తడిసింది. రాజమ్మే వచ్చి, గొంతు తగ్గించి, "నాదే లేటయిందక్కా" అని తెర లాగి మార్చింది. నీళ్ల సీసా రోజుకు రెండుసార్లు నిజంగానే ఖాళీ అయింది. జ్వరం తగ్గింది. డాక్టరు చెప్పిన గడువు మాత్రం ఏడో రోజుతో ముగుస్తోంది.

ఏడో రోజు పదిన్నరకు చరణ్ తేజ వాకర్ తోసుకుంటూ వచ్చాడు. భూలక్ష్మి భర్త పేపరు చదువుతూ కూర్చున్నాడు. మంజులత ఆఫీసుకు సెలవు పెట్టి ఉంది.

"ఇవాళైనా లేద్దామా అమ్మా?"

"ఆగు బాబూ. ముందుగాల కుర్చీ, తర్వాత నువ్వు. నువ్వు జర బయట నిలబడు."

కుర్రాడు బయట నిలబడ్డాడు. అయిదు నిమిషాల తర్వాత తెర తీశారు. బాలమణి నడుముకు నీలం లంగా చుట్టి, ముందుకు మడిచి, అంచు సర్దుకుని మంచం చివర కూర్చుని ఉంది. వాకర్ మీద రెండు చేతులూ వేసింది. చరణ్ తేజ ఒక పక్క, మంజులత ఒక పక్క. "ఒకటి, రెండు, మూడు" అన్నాడు కుర్రాడు. ఆమె లేచింది. నిలబడింది.

నిలబడగానే మొహం మారిపోయింది. కళ్లు మూసుకుంది.

"నొప్పా అమ్మా? కూర్చుంటారా?" చరణ్ తేజ కంగారుగా అడిగాడు. మంజులత తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కూర్చోబెడదామని కుర్చీ కోసం అటూ ఇటూ చూసింది.

బాలమణి కళ్లు తెరిచింది. కుర్రాడి మొహంలోకి సూటిగా చూసింది.

"నొప్పి గాదు. జరంత ఒంటికి పడ్డది" అంది, గదంతా వినపడేలా. "నిలబడితే గట్లనే పడ్తది నాకు. మొన్న గూడ గందుకే కూసున్న. రాసుకునేదుంటే గది రాసుకో."

భూలక్ష్మి భర్త పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ మొహం తిప్పుకోలేదు. చరణ్ తేజ చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో, నాకు తెలీదమ్మా. ముందే అడగాల్సింది" అన్నాడు. "మార్చుకుని వస్తారా?"

"వచ్చినంక మార్చుకుంట. ఇప్పుడు కూసుంటే మళ్ల లేవ. నువ్వు వాకర్ పట్టుకో."

మంజులత చెయ్యి కొంచెం వదులు చేసింది. వాకర్ జానెడు ముందుకు జరిగింది. బాలమణి దాని వెనక ఆపరేషన్ అయిన కాలు వేసింది, తర్వాత రెండోది.